కె, సి, క్యూ: ‘క్లస్టర్’ బృందంపై పాఠకుల ప్రశ్నలు

రాత్రిపూట చదువుకునేటప్పుడు ఎలాంటి సంగీతం వినవచ్చునని కిందటి సంచికలో ఒక పాఠకురాలు అడిగితే, జర్మనీకి చెందిన ‘క్లస్టర్’ అనే బృందం పేరు చెప్పి మూడు వాక్యాలతో సరిపెట్టాను. ఆ మూడు వాక్యాలు చాలలేదని బెంగళూరు నలుమూలల నుంచి ఉత్తరాలు వచ్చాయి. అందుకని ఈసారి శీర్షికను పూర్తిగా వాటికే కేటాయిస్తున్నాను. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి ఒకే ప్రశ్నగా ఇచ్చాను.

ప్రశ్న: మారతహళ్లి నుంచి ఆఫీసుకు వెళ్లిరావడానికి రోజుకు మూడు గంటలు క్యాబ్‌లోనే గడుస్తాయి. మీరు చెప్పిన బృందం కోసం ఫోన్‌లో వెతికితే, అదే పేరు కె అక్షరంతో ఒకటి, సి అక్షరంతో ఒకటి, క్యూ అక్షరంతో ఒకటి కనిపించాయి. మూడూ విన్నాను. మొదటిది పాత ఇనుప సామాన్ల కొట్టులో నిలబడినట్టుంది, రెండోది వాన వెలిసిన పెరడులా ఉంది, మూడోదాంట్లో ఎక్కువగా పియానోలే వినిపించాయి. ఇవి మూడు బృందాలా, ఒక్కటేనా? మొదటి నుంచి చెప్పండి. (ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి)

జవాబు: మూడింటినీ కలిపే మనిషి ఒక్కరే, హన్స్ యోఆకిమ్ రోడేలియుస్. ఆయన 1934లో బెర్లిన్‌లో పుట్టారు. చిన్నప్పుడు సినిమాల్లో బాలనటుడిగా కనిపించి, యుద్ధం తర్వాత తూర్పు జర్మనీలో చిక్కుకుని, అక్కడ జైలు శిక్ష కూడా అనుభవించి, చివరికి పడమటి వైపుకు చేరుకుని, ఒళ్లు పట్టి నొప్పులు తగ్గించే వైద్యం చేస్తూ బతికారు. సంగీతంలోకి వచ్చేసరికి ఆయనకు ముప్పై దాటాయి. రెండోవారు కాన్రాడ్ ష్నిట్స్లర్, యోసెఫ్ బాయిస్ అనే ప్రసిద్ధ కళాకారుడి దగ్గర శిల్పం నేర్చుకున్నవారు. వీరిద్దరూ మరికొందరితో కలిసి 1968 చివరలో పశ్చిమ బెర్లిన్‌లో, ఒక నాటకశాల ఉన్న భవనంలోనే, ‘త్సోడియాక్’ అనే వేదికను తెరిచారు. అందులో ఒక గదికంతా నలుపు రంగు, ఇంకో గదికంతా తెలుపు రంగు వేశారు. వచ్చినవారు వాద్యాలనే కాదు, వాద్యాలు కానివాటినీ అక్కడ మోగించవచ్చు. ఆ వేదిక కొద్ది నెలలకే మూతపడింది గానీ, తర్వాత పేరు తెచ్చుకున్న ‘టాంజరీన్ డ్రీమ్’ వంటి బృందాలు తొలిరోజుల్లో వాయించింది అక్కడే. మూడోవారు డీటర్ మోబియుస్. 1944లో స్విట్జర్లాండ్‌లో పుట్టి, చిత్రకళ చదువుకుని, బెర్లిన్‌లో ఒక రెస్టారెంటులో వంటపని చేస్తుండగా ఈ ఇద్దరికీ పరిచయమయ్యారు.

1969లో ఈ ముగ్గురూ ‘కె’ అక్షరంతో క్లస్టర్ అయ్యారు. అప్పటికి వారి దగ్గర సింథసైజర్, అంటే కరెంటుతోనే శబ్దాలను పుట్టించే వాద్యం, లేదు. ఆర్గన్, చెల్లో, గిటార్, వేణువు, కొన్ని తాళవాద్యాలు, ఆ శబ్దాలను సాగదీసి మెలిపెట్టే ఎకో యంత్రాలు, ఇంతే వారి సరంజామా. మీరు విన్న ఇనుప సామాన్ల కొట్టు ఇదే. ఆ పోలిక చక్కగా కుదిరింది. ఆ శబ్దానికి మొదట చోటిచ్చింది ఒక చర్చి ఆర్గన్ వాద్యకారుడంటే ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది. డ్యూసెల్డార్ఫ్‌కు చెందిన ఓస్కార్ గాట్లీబ్ బ్లార్ కొత్త సంగీతం మీద ఆసక్తితో వీరి రికార్డింగులకు ఏర్పాట్లు చేయగా, మతసంబంధమైన ప్రచురణలు చేసే ష్వాన్ అనే సంస్థ 1970, 71 సంవత్సరాల్లో రెండు రికార్డులు విడుదల చేసింది. అందుకు బదులుగా, ఒక్కో రికార్డులో ఒక ముఖం మీద సంగీతంతో పాటు మతసంబంధమైన పాఠాన్ని చదివి వినిపించారు. జర్మన్ రాని మనకు ఆ గొంతు కూడా మరో వాద్యంలా వినిపిస్తుంది. అయినా తొలిసారి వినేవారు మాటలు లేని రెండో ముఖంతో మొదలుపెట్టడం మంచిది.

1971లో ష్నిట్స్లర్ విడిపోయారు. మిగిలిన ఇద్దరూ ‘కె’ తీసేసి ‘సి’ పెట్టుకున్నారు. అదే ఏడాది ఫిలిప్స్ సంస్థ ద్వారా వచ్చిన వారి రికార్డులోని మూడు భాగాలకు పేర్లంటూ లేవు, నిడివే గుర్తు: 7:42, 15:43, 21:32. అందులో బృందసభ్యుడిగా మూడో పేరు కూడా ఉంది. అది రికార్డింగు ఇంజినీరు కోనీ ప్లాంక్‌ది. మైకులు అమర్చి మీటలు తిప్పే మనిషిని వాయించేవారితో సమానంగా లెక్కించారన్న మాట. ఈ సంగీతంలో మీట తిప్పడమూ వాయించడమే కాబట్టి అది మర్యాదకు వేసిన పేరు కాదు, ఉన్న నిజం. ఆ తర్వాత ‘సి’ క్లస్టర్ 1981 దాకా, మళ్లీ 1989 నుంచి 1997 దాకా, మళ్లీ 2007 నుంచి 2010 దాకా నడిచింది. మోబియుస్ లేకుండా రోడేలియుస్, ఒన్నెన్ బాక్ అనే తన కంటే చాలా చిన్నవాడైన సంగీతకారుడితో కలిసి 2011 నుంచి వెలువరించిన రికార్డుల మీద ‘క్యూ’ వచ్చింది. మీరు విన్న పియానోలు ఆ కాలానివి. తెలుగులో రాస్తే మూడూ ఒక్కలాగే ‘క్లస్టర్’ అవుతాయి కనుక, వెతికేటప్పుడు ఇంగ్లీషు అక్షరాన్ని సరిచూసుకోండి.

ప్రశ్న: నేను మల్లేశ్వరంలో ముప్పై ఏళ్లుగా వీణ నేర్పుతున్నాను. మీ శీర్షిక చదివి మా శిష్యురాలు ఈ బృందం సంగీతం వినిపించింది. రాగం లేదు, తాళం లేదు, ఎక్కడికీ వెళ్లదు, ఆగదు. చెవికి బాధగా లేదు గానీ, దేన్ని పట్టుకుని వినాలో తెలియలేదు. కించపరచాలని అడగడం లేదు. (ఒక వీణ ఉపాధ్యాయురాలు)

జవాబు: అమ్మా, మీ చెవికి తెలిసిన దారిలోనే వెళదాం. కచేరీలో గాయకుడు గొంతు విప్పే ముందు తంబూర ఒక్కటే మోగే అర నిమిషం ఉంటుంది కదా, అక్కడ నిలబడండి. తంబూర మీటేవారు బ్రిడ్జి మీద తీగ కింద ఉన్న నూలుపోగును గోటితో వెంట్రుకవాసి జరుపుతారు. స్వరం మారదు, కానీ అంతవరకు చెక్కలా పలికిన తీగ ఒక్కసారి తేనెటీగల తుట్టెలా విచ్చుకుంటుంది. ఆ విచ్చుకోవడాన్ని మీరు లక్షసార్లు విని ఉంటారు. క్లస్టర్ సంగీతంలో వినవలసినది దానిలాంటిదే. 1976 నాటి ‘సోవీసోసో’ ఆల్బమ్‌లో మొదటి భాగాన్ని తీసుకోండి. ఒక చిన్న స్వరాల వరుస ఎనిమిది నిమిషాల పాటు తిరిగి తిరిగి వస్తుంది. ఆ వరుసను పట్టుకుంటే రెండు నిమిషాల్లో విసుగు పుడుతుంది. దాన్ని వదిలి, ప్రతి ఆవృత్తిలోనూ దాని అంచు ఎలా మారుతోందో, వెనక ప్రతిధ్వని ఎంత దూరం జరిగిందో, పక్కనుంచి ఏ చిన్న శబ్దం వచ్చి ఏ చప్పుడూ లేకుండా వెళ్లిపోయిందో గమనిస్తే, అక్కడ చాలా జరుగుతున్నట్టు తెలుస్తుంది. తేడా ఒక్కటే. మన తంబూర వచ్చేవారి కోసం పరిచిన చాప. ఇక్కడ చాప పరిచి ఉంటుంది, ఎవరూ వచ్చి కూర్చోరు. మీకు కలిగిన ఇబ్బంది ఆ ఎదురుచూపు వల్లనేమో.

వీరు మన తంబూరను చూసి నేర్చుకున్నారని మాత్రం నేను అనను. రెండు వేర్వేరు చోట్ల, వేర్వేరు అవసరాల వల్ల, నిలిచి ఉండే నాదం మీద శ్రద్ధ పుట్టింది. వీరు ఎకో యంత్రాలతో కుస్తీ పడుతున్న ఆ 1970లు ముగిసేలోపే, మన బెంగళూరులో జి. రాజ్ నారాయణ్ అనే ఇంజినీరు, స్వయంగా వేణువు వాయించేవారు, ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె తయారీకి పూనుకున్నారు. ఈ రోజు మీ ఇంట్లో పాఠం మొదలుపెట్టే ముందు మీరు మీట నొక్కే పెట్టె ఆ పరంపరలోనిదే. కరెంటుతో పుట్టిన నాదాన్ని శ్రుతిగా అంగీకరించిన చెవి మీది. మిగతా దూరం ఎక్కువేమీ కాదు.

ప్రశ్న: ఎలక్ట్రానిక్ సిటీ దగ్గర ఇంజినీరింగ్ చదువుతూ, హాస్టల్ గదిలో ల్యాప్‌టాప్‌తో సంగీతం చేస్తున్నాను. వీరిని ‘ఇండిపెండెంట్’ బృందం అంటారు. కానీ మీరే ఫిలిప్స్ పేరు చెప్పారు. మరి స్వతంత్రం ఎక్కడ? ఏం పెట్టి బతికారు? ఆ ఎకోలు ఎలా తీసేవారు? (ఒక విద్యార్థి)

జవాబు: నీ ప్రశ్న న్యాయమైనది, నాయనా. రికార్డు మీద ఏ కంపెనీ ముద్ర ఉందన్నదాన్ని బట్టి చూస్తే వీరు కొన్నాళ్లు స్వతంత్రులు, కొన్నాళ్లు కాదు. మొదట చర్చి ప్రచురణకర్త, తర్వాత ఒక్కసారి ఫిలిప్స్, తర్వాత బ్రెయిన్, 1976 నుంచి స్కై. ఈ చివరిది బ్రెయిన్ నుంచి బయటికి వచ్చిన గుంటర్ కోర్బర్ హాంబర్గ్‌లో స్థాపించిన చిన్న సంస్థ. అయితే వీరిని స్వతంత్రులని నేను అనేది కంపెనీని చూసి కాదు, ఇంటిని చూసి.

1970ల మొదట్లో మోబియుస్, రోడేలియుస్ బెర్లిన్ వదిలేసి, దిగువ సాక్సనీ ప్రాంతంలో వేజర్ నది ఒడ్డున ఉన్న ఫోర్స్ట్ అనే పల్లెకు చేరారు. అక్కడ శతాబ్దాల నాటి పెద్ద భవంతి ఒకటి పాడుబడి ఉంటే, అందులో గదులు బాగుచేసుకుని కాపురం పెట్టారు. చలికాలానికి కట్టెలు తామే కొట్టుకునేవారు. స్టూడియో అద్దెకు తీసుకుంటే గడియారం చూసుకుంటూ వాయించాలి. అంటే ఆలోచన తెగకముందే డబ్బు తెగుతుంది. ఇంట్లో ఆర్గన్, పక్కన టేపు రికార్డరు, కిటికీ అవతల నది ఉన్నవాడికి ఆ తొందర లేదు. రోడేలియుస్ తన ఫార్ఫీసా ఆర్గన్ ముందు కూర్చుని, ఎవరి కోసమూ కాకుండా, రెవాక్స్ టేపు రికార్డరులో దాచుకున్న చిన్న చిన్న వాయింపులు తర్వాత ‘స్వీయచిత్రాలు’ అన్న అర్థం వచ్చే పేరుతో వరుసగా రికార్డులయ్యాయి. ‘సోవీసోసో’ను వారు ఆ ఇంట్లోనే రెండు రోజుల్లో రికార్డు చేసి, మిక్సింగు మాత్రం ప్లాంక్ స్టూడియోలో చేయించారు. రెండు రోజులు అనగానే తేలికగా తీసుకోవద్దు. ఆ రెండు రోజుల వెనక అదే గదుల్లో కొన్నేళ్ల వాయింపు ఉంది. బెర్లిన్‌లో పుట్టిన గరుకుశబ్దం ఫోర్స్ట్‌కు వచ్చాక మెత్తబడింది. 1971 రికార్డునూ 1976 రికార్డునూ వెంటవెంటనే వింటే నీకే తెలుస్తుంది. దానికి ఆ చోటే కారణమని నా నమ్మకం.

డబ్బు విషయం దాచడానికేమీ లేదు. రికార్డులు పెద్దగా అమ్ముడుపోలేదు, కచేరీలకు జనం పలుచగానే వచ్చేవారు. 1973లో ‘నోయ్!’ బృందానికి చెందిన గిటారిస్టు మిహాయెల్ రోటర్ ఫోర్స్ట్ వచ్చి, వీరితో కలిసి ‘హార్మోనియా’ అనే ముగ్గురి బృందాన్ని కట్టారు. ఈనాడు విమర్శకులు తలకెత్తుకునే ఆ బృందం రెండు ఆల్బములు చేసి, ఆదరణ లేక 1976లో విడిపోయింది. రోటర్ మాత్రం ఆ తర్వాత దశాబ్దాల పాటు ఆ ఊరినే స్థావరం చేసుకున్నారు.

ఇక ఎకో. టేపు రికార్డరులో శబ్దాన్ని టేపు మీద రాసే హెడ్డు ముందు, దాన్ని చదివి వినిపించే హెడ్డు దాని తర్వాత ఉంటాయి. టేపు సెకనుకు 19 సెంటీమీటర్ల వేగంతో నడుస్తూ, రెండు హెడ్ల మధ్య దూరం 4.75 సెంటీమీటర్లు ఉందనుకో, నువ్వు వాయించిన స్వరం పావు సెకను ఆలస్యంగా తిరిగి వినిపిస్తుంది. ఆ వినిపించినదాన్నే మళ్లీ రాసే హెడ్డుకు పంపితే రెండోసారి, మూడోసారి, ఇంకా ఇంకా తిరిగివస్తుంది. ప్రతిసారీ టేపు పైస్థాయి మెరుపును కొంత మింగేస్తుంది కనుక శబ్దం తగ్గుతూనే మసకబారుతుంది కూడా. పంపే మోతాదు కాస్త పెంచితే తగ్గడం మానేసి తనంతట తానే పెరిగి గోల చేస్తుంది. ఆ రెండింటి మధ్య సన్నని అంచు మీద మీటను వేలితో పట్టుకుని నిలపడమే వారి వాద్యవిద్య. నీ ల్యాప్‌టాప్‌లో అది ఒక గడిలో అంకె. అంకె మార్చి వదిలేయకుండా, ఒక నాబ్‌కు దాన్ని అనుసంధానించి, పది నిమిషాలు ఆగకుండా చేత్తో తిప్పుతూ రికార్డు చేసి చూడు. తర్వాత కత్తిరించవద్దు.

ప్రశ్న: యాంబియెంట్ సంగీతానికి, అంటే వాతావరణంలా చుట్టూ పరుచుకుని ఉండే నెమ్మది సంగీతానికి, మూలపురుషుడు ఇంగ్లండుకు చెందిన సంగీతకారుడు బ్రయన్ ఈనో అని ఎక్కడ చదివినా ఉంటుంది. మరి ఈ జర్మన్లు ఆయన కంటే ముందే చేశారంటున్నారు. కీర్తి ఒకరిది, కష్టం ఒకరిదీ అయిందా? (పదవీ విరమణ చేసిన బ్యాంకు ఉద్యోగి, జయనగర్)

జవాబు: అయ్యా, అంత మాట అననక్కరలేదు. పేరు పెట్టినవారు ఈనో, అది వాస్తవం. 1978లో విమానాశ్రయాల కోసమంటూ విడుదల చేసిన ఆల్బమ్‌తో ‘యాంబియెంట్’ అన్న మాటను ఆయన స్థిరపరిచారు. వేర్వేరు పొడవులున్న టేపు చుట్టలను ఒకేసారి తిరగనిచ్చి, అవి ఎప్పుడు ఎలా కలిస్తే అదే సంగీతమనుకునే పద్ధతిని కూడా అందులో వాడారు. కానీ అంతకు ముందే ఆయన ఫోర్స్ట్ దారి పట్టారు. 1974లో హాంబర్గ్‌లో హార్మోనియా కచేరీకి వచ్చి వారితో వేదిక మీద వాయించారు. 1976 సెప్టెంబరులో, అప్పటికే బృందం విడిపోతున్నా, ఆ పాత ఇంటికి వచ్చి పదకొండు రోజులు ఉండి, నాలుగు ట్రాకుల టేపు మీద వారితో కలిసి రికార్డు చేశారు. విడుదల చేసే ఉద్దేశమే లేకుండా వాయించిన ఆ టేపులు 1997లో గానీ లోకానికి అందలేదు. 1977లో ఈనో, మోబియుస్, రోడేలియుస్ ముగ్గురూ ప్లాంక్ స్టూడియోలో పనిచేయగా రెండు ఆల్బములు స్కై ద్వారా వచ్చాయి. మొదటిదాని అట్ట చూడండి: మబ్బులు పట్టిన ఆకాశంలోకి ఒక మైకు చాచి ఉంటుంది, చుట్టూ ఎవరూ లేరు. ఆ సంగీతం గురించి నేను పేజీలు రాసినా అంత బాగా చెప్పలేను. విమానాశ్రయాల ఆల్బమ్‌లోని ఆఖరి భాగం రికార్డయింది కూడా ప్లాంక్ స్టూడియోలోనే.

కాబట్టి ఈనో తీసుకున్నారు, ఇచ్చారు కూడా. ఆయనతో కలిసి చేసినందువల్లే ఇంగ్లండులోనూ అమెరికాలోనూ క్లస్టర్ పేరు చాలామందికి తెలిసింది. నాకున్న ఫిర్యాదు చరిత్ర రాసేవారి మీదే. ఒక మాటకు పుట్టినతేదీ దొరగ్గానే ఆ పనికీ అదే పుట్టినతేదీ అనుకుంటారు.

ప్రశ్న: ఆ కాలంలో మన దేశంలో ఎవరూ ఇలాంటి ప్రయత్నం చేయలేదా? (కోరమంగల నుంచి ఇద్దరు పాఠకులు)

జవాబు: చేశారు. 1969లోనే అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ చేతుల మీదుగా ‘మూగ్’ రకం సింథసైజర్‌తో ఒక ఎలక్ట్రానిక్ స్టూడియో ఏర్పడింది. బెర్లిన్‌లో ఆ ముగ్గురూ సింథసైజర్ లేక చెల్లోను ఎకో యంత్రంలోకి తోస్తున్న సంవత్సరంలో అది అహ్మదాబాద్‌లో ఉందన్న మాట. గీతా సారాభాయ్, ఐ.ఎస్. మాథుర్, అతుల్ దేశాయ్, ఎస్.సి. శర్మ, జిన్‌రాజ్ జోషీపురా అక్కడ చేసిన రికార్డింగుల టేపులు సంస్థ భాండాగారంలోనే దశాబ్దాల పాటు ఉండిపోయాయి. పాల్ పర్గస్ అనే కళాకారుడు వాటిని వెలికితీయగా, 1969 నుంచి 1972 వరకు చేసినవాటిలో కొన్ని 2023లో విడుదలయ్యాయి. ఆ టేపులు అప్పుడే బయటికి వచ్చి ఉంటే మన వేదికల మీద, మన రేడియోలో ఏం జరిగేదోనని తలచుకుంటే మనసు చివుక్కుమంటుంది. దీనికి ఒక శీర్షిక విడిగా కావాలి, రాస్తాను.

ప్రశ్న: చివరికి బృందం ఏమైంది? ఇప్పుడు మొదలుపెట్టేవారు ఏ వరుసలో వినాలి? (చాలామంది)

జవాబు: ప్లాంక్ 1987లో, ష్నిట్స్లర్ 2011లో, మోబియుస్ 2015 జూలైలో కన్నుమూశారు. రోడేలియుస్ చాలాకాలం కిందటే ఆస్ట్రియాలో స్థిరపడి, ఎనభై దాటాక కూడా కచేరీలు చేశారు. మోబియుస్, రోడేలియుస్ కలిసి చేసిన చివరి ఆల్బమ్ 2009 నాటి ‘క్వా’. చిన్న చిన్న ముక్కలు, కొన్ని మొదలైనట్టే మొదలై ముగుస్తాయి. డెబ్బై దాటిన ఒకరు, అరవై దాటిన ఒకరు అందులో పాత విజయాలను మళ్లీ వాయించుకోవడానికి కూర్చోలేదు. దాన్ని తక్కువగా చూసే సమీక్షలతో నేను ఏకీభవించను.

వినే వరుస అంటే, ముందు ‘సోవీసోసో’. ఆ పేరుకు ‘ఎలాగూ’ అని అర్థం చెప్పుకోవచ్చు, అందులో రెండో భాగం పేరు ‘హల్వా’. తర్వాత 1974 నాటి ‘త్సుకర్‌త్సైట్’, అంటే చక్కెర కాలం. రోటర్ పర్యవేక్షణలో, రిథమ్ యంత్రం వాడి, ఇద్దరూ చెరి ఐదు భాగాలు విడివిడిగా చేసి ఒకే రికార్డులో పెట్టారు. ఏది ఎవరిదో చూడకుండా పోల్చుకోవడానికి ప్రయత్నించండి: మెత్తగా పాడినట్టుండేవి ఎక్కువగా రోడేలియుస్‌వి, గుచ్చినట్టు, కొంచెం కొంటెగా ఉండేవి మోబియుస్‌వి. ఆ తర్వాత ఈనోతో చేసిన రెండూ. 1971 రికార్డును ఆఖరికి ఉంచుకుని, అందులోని 21:32 నిడివి గల భాగాన్ని ఏ పనీ పెట్టుకోకుండా వినండి. ఫోన్ స్పీకరులో మాత్రం వద్దు. అడుగున నడిచే ఆర్గన్ దాంట్లో అసలు వినబడదు.